నాన్న పెట్టెలో దొరికిన ఏప్రాన్

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. సికింద్రాబాద్‌లో ఉంటాం. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ఫ్రీమేసన్ లాడ్జి మెంబరని తెలుసుగానీ అంతకుమించి మాకేమీ తెలీదు. నెలకో సాయంత్రం నల్లకోటు వేసుకుని వెళ్లి, రాత్రి పదిన్నరకి వచ్చేవారు. మొన్న బీరువా సర్దుతుంటే సన్నటి నల్ల తోలుపెట్టె ఒకటి దొరికింది. అందులో లేతనీలం అంచున్న తెల్లటి ఏప్రాన్ ఉంది. దానిమీద తలకిందులుగా ఉన్న ఇంగ్లిష్ 'టీ' అక్షరంలాంటి వెండిరంగు బిళ్లలు మూడున్నాయి. ఇంకా ఒక జత తెల్ల గ్లవ్స్, ఒక చిన్న పుస్తకం. ఆ పుస్తకంలో చాలా మాటలకు మొదటి అక్షరం మాత్రమే ఉంది. మా ఆవిడ వాళ్లది ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ కుటుంబం. యూట్యూబ్‌లో పుర్రె బొమ్మలు, సైతాను పూజలంటూ వచ్చే వీడియోలు చూసి టెన్షన్ పడుతోంది, ఆ పెట్టె ఇంట్లో వద్దంటోంది. ఇంకోవైపు నాన్న స్నేహితులొకరు "నువ్వూ చేరరాదా" అంటున్నారు. నాన్న పోయిన దగ్గర్నుంచి మరో పెద్దాయన రెండు నెలలకోసారి వచ్చి అమ్మను పలకరించి, మందుల గురించి, పెన్షన్ కాగితాల గురించి అడిగి వెళుతున్నారు. ఆయనెవరో అమ్మకే సరిగా తెలీదు. అసలు వీళ్లేం చేస్తారు? చేరితే నేనేం చేయాల్సి ఉంటుంది? ఆ పెట్టెను ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం:

ముందు ఆ మూడు బిళ్లల సంగతి చెప్పాలి. మీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఇంగ్లిష్ పద్ధతిలో నడిచే లాడ్జిలో మూడు మెట్లూ, అంటే సభ్యత్వంలోని మూడు డిగ్రీలూ, ఎక్కిన మామూలు సభ్యుడి ఏప్రాన్ మీద నీలం రిబ్బన్‌తో చేసిన పువ్వులు మూడుంటాయి. వాటి స్థానంలో మీరు చెప్పిన తిరగేసిన టీలు ఉన్నాయంటే, ఆ మనిషి లాడ్జికి మాస్టరుగా చేశాడని అర్థం. అంటే మీ నాన్నగారు ఒకప్పుడు తూర్పు దిక్కున ఉన్న మాస్టరు కుర్చీలో కూర్చుని లాడ్జిని నడిపారు. ఆ కుర్చీ డబ్బు పెడితే దొరికేది కాదు. తలుపు దగ్గర కాపలా నుంచి మొదలుపెట్టి ఒక్కో పదవిలో ఏడాది చొప్పున చేస్తూ వెళితే, ఏడెనిమిదేళ్లకు అక్కడికి చేరతారు. ఇంట్లో ఒక్కరికీ చెప్పకపోవడం ఆయన స్వభావం అయ్యుండొచ్చు. లాడ్జి మాత్రం అలా చెప్పొద్దని అనదు.

నేను 27 ఏళ్లుగా మెంబర్ని. చాలాకాలం సెక్రటరీగా కూడా చేశాను. నేను ఏ పక్షం నుంచి మాట్లాడుతున్నానో మీకు ముందే తెలియాలి కదా.

లాడ్జి అనగానే మనవాళ్లకి బస్టాండ్ పక్కన అద్దెకిచ్చే గదులు గుర్తొస్తాయి. ఈ మాటకు మూలం వేరే. యూరప్‌లో పెద్ద చర్చిలు కట్టే రోజుల్లో రాతిపనివాళ్లు, ఇంగ్లిష్‌లో మేసన్లు, గోడవారగా పాక వేసుకుని, అందులోనే పనిముట్లు పెట్టుకుని, అన్నం తిని, కుర్రాళ్లకు పని నేర్పేవారు. ఆ పాకను లాడ్జి అనేవారు. స్కాట్లాండులో ఎడిన్‌బరో లాడ్జి మినిట్స్ పుస్తకాలు 1599 నుంచి ఉన్నాయి. కాలక్రమంలో రాయి పట్టని వాళ్లు కూడా వచ్చి చేరారు. పని పోయింది, పనిముట్లు మిగిలాయి, వాటికి అర్థాలు పెట్టుకున్నారు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి తమ అన్నిటికీ పెద్దగా ఒక గ్రాండ్ లాడ్జి ఏర్పాటు చేసుకున్నాయి. ఈ పద్ధతి 1730 ప్రాంతంలో కలకత్తాకు, 1752లో మద్రాసుకు వచ్చింది. మన దేశానికంటూ గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఏర్పడింది, రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్. మీకు దగ్గర్లోనే ఉన్న గోషామహల్ బారాదరి తానీషా కాలం నాటి కట్టడం. 1872 నుంచి అది మేసన్ల చేతిలో ఉంది. దాని కింద గోల్కొండ దాకా సొరంగం ఉందని జనం చెప్పుకుంటారు. ఉత్తరాదిలోనైతే లాడ్జి భవనాన్ని జాదూఘర్ అనేవారు. తలుపులు మూసుకుని పదిమంది ఏదైనా చేస్తే బయటివాళ్లు కథలు అల్లడం ఎక్కడైనా ఉన్నదే.

మరి ఆ తలుపుల వెనక ఏముంటుంది? మీ ఇల్లు కట్టిన మేస్త్రీ సంచి తిరగేయండి, దాదాపు అన్నీ దొరుకుతాయి. మాస్టరు మెడలో వేలాడేది మూలమట్టం. మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసేది. మనిషితో వ్యవహారం అంత నిక్కచ్చిగా ఉండాలని దాని భావం. మాస్టరు తర్వాతి పదవి సీనియర్ వార్డెన్‌ది, ఆయనది మట్టం చూసే సాధనం, అంటే ఇప్పటి రసమట్టం చేసే పనే. హోదా ఏదైనా ఇక్కడ అందరూ ఒకే మట్టంలో ఉన్నారని చెప్పడానికి. మీ నాన్నగారి ఏప్రాన్ మీదున్న టీ బిళ్లను కూడా మట్టమనే అంటాం. జూనియర్ వార్డెన్‌ది దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసే సాధనం. మనిషి నడత ఎటూ ఒరగకుండా నిటారుగా ఉండాలన్నది దాని పాఠం. మనం చిన్నప్పుడు లెక్కల డబ్బాలో పెట్టుకున్న వృత్తలేఖిని కూడా ఉంటుంది, కోరికలకు ఒక గీత గీసుకోమని.

ఇవి వినడానికి బడిలో నీతిపాఠాల్లా ఉంటాయని నాకూ తెలుసు. నిజంగా వంటబట్టేది పుస్తకంలో చదివినప్పుడు కాదు. ఒక రోజు సాయంత్రం నేను చూసింది చెబుతాను. పగలంతా ఫైలు పట్టుకుని ఒక ఆఫీసరు గది బయట సంతకం కోసం నిలబడిన క్లర్కు, సాయంత్రం లాడ్జిలో మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఆఫీసరు అప్పటికి చేరి రెండేళ్లే అయింది, ఆయన తలుపు దగ్గర ఇన్నర్ గార్డు. బయట తలుపు చప్పుడైంది. ఆఫీసరు లేచి, నిలబడి, పద్ధతి ప్రకారం మాస్టరుకు విన్నవించుకుని, అనుమతి వచ్చాకే తలుపు తీశాడు. ఆ గదిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. కులం పేరు, ఉద్యోగం పేరు చూసుకోకుండా పలకరించుకోలేని చోట పుట్టిపెరిగినవాణ్ని నేను. నాకు మట్టం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

కొత్తగా చేరినవాణ్ని గదిలో ఎక్కడ నిలబెడతారో తెలుసా? ఈశాన్య మూల. మనం శంకుస్థాపన చేసే చోటే. ఆ రాతిపనివాళ్ల సంప్రదాయంలో కూడా కట్టడానికి మొదటి రాయి ఈశాన్యంలోనే పడుతుంది. అక్కడ నిలబెట్టి, వాడి దగ్గర నాణెం గానీ ఉంగరం గానీ ఏదీ లేని స్థితిలో, పేదలకోసం ఏమైనా ఇవ్వమని అడుగుతారు. ఇది అచ్చైన పుస్తకాల్లో ఉన్నదే, నేను రహస్యం విప్పడం లేదు. నన్ను అడిగినప్పుడు చెయ్యి అలవాటుగా జేబు వైపు వెళ్లింది. జేబు ఖాళీ. నాకప్పుడు చెమట పట్టింది. చెయ్యి చాచినవాడికి లేదని చెప్పాల్సి రావడం ఎలా ఉంటుందో, అసలు లేనివాడికి ఎలా ఉంటుందో, ఎవరో ఉపన్యాసం ఇస్తే నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా సాయం అడగడానికి తటపటాయిస్తుంటే నాకు ఆ మూల గుర్తొస్తుంది.

మీ ఆవిడ భయం గురించి. దీన్ని మీరు కొట్టిపారేయకండి, ఆవిడ అడిగినదాంట్లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. సైతాను పూజ అన్నది కల్పన, దాన్ని కల్పించిన మనిషి కూడా తెలుసు. 1880ల నుంచి లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత మేసన్లు సైతానును కొలుస్తారంటూ పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు. 1897 ఏప్రిల్‌లో పారిస్‌లో సభ పెట్టి, అదంతా తాను అల్లిన కథేనని తనే చెప్పాడు. ఆ కథే నూట పాతికేళ్ల తర్వాత మీ ఇంట్లో ఫోనులో తిరుగుతోంది. పుర్రె బొమ్మ మాత్రం నిజమే. అది మూడో మెట్టుకు సంబంధించింది, చావును గుర్తుచేసేది. మనం శ్మశాన వైరాగ్యం అంటామే, స్నానం చేసి ఇంటికొచ్చేసరికి ఆవిరైపోయేది, దాన్ని కొంచెం ఎక్కువసేపు నిలబెట్టే ప్రయత్నం అది. అక్కడ చెప్పే కథ సోలమన్ గుడి కట్టిన హిరామ్ అనే శిల్పిది. ఇచ్చిన మాట తప్పనందుకు ప్రాణం పోగొట్టుకున్నవాడు.

రెండోది చర్చి మాట. ఇక్కడ నేను మీకు తీపి కబురు చెప్పలేను. కేథలిక్కులు మేసన్లు కాకూడదని 1738లోనే పోప్ ఆజ్ఞ ఇచ్చారు. 1983లో వాటికన్ మళ్లీ అదే చెప్పింది, 2023లో కూడా నిషేధం అలాగే ఉందని స్పష్టం చేసింది. మీ ఉత్తరాన్ని బట్టి మీరు కేథలిక్ కారనే అనుకుంటున్నాను, కాబట్టి ఆ నియమం మీకు నేరుగా వర్తించదు. కానీ ఆవిడ ప్రతి ఆదివారం మోకరిల్లే చోట తప్పన్న పనిని భర్త చేస్తున్నాడనే బరువు ఆవిడ మీద పడుతుంది. ఆవిడ కావాలంటే వాళ్ల ఫాదర్‌తో మాట్లాడమనండి. ఆవిడకు ఇష్టం లేకుండా, చెప్పకుండా మాత్రం చేరకండి. మా దగ్గర ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే ఇద్దరు ముగ్గురం ఇంటికి వెళ్లి భార్యతో మాట్లాడతాం. ఆవిడ మొహంలో సందేహం కనబడితే, "ఇప్పుడు వద్దులే బాబూ" అని చెప్పి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

హిందువుగా మీకు అడ్డేమీ ఉండదు. దేవుడున్నాడని నమ్మితే చాలు, ఏ దేవుడని అడగరు. ఆయన్ను విశ్వాన్ని కట్టిన మహాశిల్పి అంటారు. మన చెవికి విశ్వకర్మ అన్నట్టే వినిపిస్తుంది. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథ్ సాహిబ్, పార్సీల జెండ్ అవెస్తా పక్కపక్కనే తెరిచి ఉంచడం మన గ్రాండ్ లాడ్జి ప్రత్యేకత. ఇది ఊరికే రాలేదు. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే ఆయన 1863లో దరఖాస్తు పెడితే, హిందువులకు అనేకమంది దేవుళ్లు కదా, వాళ్లని ఎలా తీసుకుంటామని అడ్డుకున్నారు. తొమ్మిదేళ్లు పోరాడి 1872లో లోపలికి వెళ్లారాయన. తర్వాత పన్నెండేళ్లకు అదే ఊళ్లో ఆంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరిన కుర్రాడి పేరు నరేంద్రనాథ్ దత్తా. ఆయన్నే మనం వివేకానందస్వామి అంటాం.

చేరితే ఏం చేయాలన్నారు. చాలామంది అనుకునేదానికంటే ఇది చాలా మామూలుగా ఉంటుంది, అందుకే కష్టం. నెలకోసారి మీటింగు. సెక్రటరీ నుంచి సమన్లు, అంటే మీటింగుకు పిలుపు, వస్తాయి, వెళ్లాలి. ఆఫీసులో పనుంది, ఇంట్లో పెళ్లుందంటే ఎవరూ తప్పు పట్టరు. టీవీలో మ్యాచ్ ఉందని మానేస్తే మాత్రం మిమ్మల్ని మీరే అడుగుకోవాలి. నల్లకోటు, తెల్ల గ్లవ్స్. ఏటా చందా కట్టాలి. చేరేముందే మొత్తం ఎంతవుతుందో మొహమాటం లేకుండా అడగండి, అడిగితే ఎవరూ తక్కువగా చూడరు. లోపల రాజకీయాలు, మతం మాట్లాడకూడదు. మన తెలుగువాళ్లం ఇద్దరం కలిస్తే ఐదో నిమిషానికి ఎన్నికల దగ్గర తేలతాం కదా, మొదట్లో ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

తర్వాత బట్టీ పట్టడం. మీరు చూసిన చిన్న పుస్తకం అదే. అందులో మంత్రాలు లేవు, ఎవరు ఎప్పుడు ఏం చెప్పాలో రాసి ఉంటుంది. ఆ మాటలు నేర్చుకోనివాడికి ఆ అక్షరం అర్థంకాదు, నేర్చుకున్నవాడికి ఆ ఒక్క అక్షరం చాలు. పదవి వస్తే పేజీలకు పేజీలు కంఠతా రావాలి. చూసి చదవడం మర్యాద కాదు. నేను తార్నాక సిగ్నల్ దగ్గర హెల్మెట్‌లో గొణుక్కుంటూ నేర్చుకున్నాను. మీ నాన్నగారు వాకింగ్‌లో ఒంటరిగా పెదవులు కదుపుతూ కనబడేవారేమో అమ్మగారిని అడిగి చూడండి. ఈ బట్టీ ఎందుకని నేనూ మొదట విసుక్కున్నాను. కొత్తవాడి ఎదురుగా నిలబడి, కాగితం లేకుండా, కళ్లలోకి చూస్తూ ఆ మాటలు చెప్పినప్పుడు వాడు వినే తీరే వేరుగా ఉంటుంది.

మీటింగు అయ్యాక భోజనం. రాత్రి తొమ్మిదింటికి అందరం ఒకసారి లేచి నిలబడి, రాలేకపోయినవాళ్లను తలుచుకుంటాం. దూరదేశంలో ఉన్నవాడు, మంచాన పడ్డవాడు. మీ నాన్నగారు ఆఖరి నెలల్లో వెళ్లలేకపోయి ఉంటే, ఆ తొమ్మిది గంటలకు ఆయన లాడ్జిలో గ్లాసులు పైకి లేచి ఉంటాయి.

అసలు పని మాత్రం లాడ్జి బయట ఉంటుంది. పిల్లల ఆసుపత్రి నడపడం లాంటి పెద్ద పనులున్నాయి, కోయంబత్తూరులో మేసన్లది పిల్లల వైద్యకేంద్రం ఉంది. నేను చెబుతున్నది అది కాదు. మొదటి మెట్టులో చేతికిచ్చే పనిముట్లలో 24 అంగుళాల బద్ద ఒకటి. రోజుకు 24 గంటలు గనక అన్ని అంగుళాలు. కొంత దైవానికి, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత కష్టంలో ఉన్న స్నేహితుడికి పంచుకోవాలి. ఆఖరి భాగానికి ఒక షరతు ఉంది. అది నీకూ నీవాళ్లకూ నష్టం లేని మేరకే. ఇంట్లో పిల్లాడి ఫీజు ఆపి లాడ్జికి చందా రాసేవాడు ఆ బద్దను తప్పుగా పట్టుకున్నాడన్నమాట. ఇది నేను ప్రతి కొత్తవాడికీ చెబుతాను, ఎందుకంటే మొదటి ఏడాది ఉత్సాహంలో ఇంటిని మర్చిపోయినవాళ్లను చూశాను.

పరిచయాలు పెరుగుతాయని చేరేవాళ్లూ ఉన్నారు. కొన్నేళ్ల క్రితం ఒక కుర్ర కాంట్రాక్టరు చేరాడు. మూడో మీటింగుకే విజిటింగ్ కార్డులు పంచడం మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండానే రావడం మానేశాడు. ఇక్కడ టెండర్లు దొరకవు. అవి దొరికే చోటైతే అది లాడ్జి కాదు. ఇటలీలో పీ2 అనే లాడ్జి అలాగే చెడిపోయింది. 1976లో దాని గుర్తింపు తీసేసినా రహస్యంగా నడిచింది. 1981లో దొరికిన జాబితాలో మంత్రులు, జనరళ్ల పేర్లుండటంతో ప్రభుత్వమే పడిపోయింది. తలుపులు మూసుకునే ఏ సంస్థకైనా ఆ ప్రమాదం ఉంటుంది, నేను కాదనను. అందుకే మీరు చేరదల్చుకుంటే అది గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా కింద ఉన్న లాడ్జేనా అని చూసుకోండి, లోపల ఎవరున్నారో నాలుగుసార్లు భోజనానికి వెళ్లి చూడండి. చాలా లాడ్జీలు ఏటా ఒకట్రెండుసార్లు కుటుంబాలను పిలుస్తాయి. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి.

మీ నాన్నగారి స్నేహితుడు "చేరరాదా" అని ఒకసారి అనడంలో తప్పులేదు. పదేపదే ఒత్తిడి చేస్తే మాత్రం అది మా పద్ధతి కాదని ఆయనకు నా మాటగా చెప్పండి. స్వంత ఇష్టంతో వచ్చావా అన్నది చేరేవాణ్ని మేము అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. నాకు మీ ఉత్తరంలో ఆ ఇష్టం ఇంకా కనబడలేదు. నాన్నగారిని వెతుక్కోవడం కనబడింది. అది సహజం, కానీ దానికోసం మెంబరు కానక్కర్లేదు. కనీసం ఒక ఏడాది ఆగండి. అప్పటికీ, నెలకో సాయంత్రం వెళ్లి బట్టీ పట్టి, తెలియని మనిషి ఆసుపత్రి మంచం పక్కన కూర్చోవడం మీకు ఇష్టమే అనిపిస్తే, అప్పుడు మీరే వెళ్లి అడగండి.

పెట్టె సంగతి. పారేయకండి. అందులో భయపడాల్సింది ఏమీ లేదని మీ ఆవిడకు చెప్పి, ఆవిడ ముందే తెరిచి ఒక్కో వస్తువూ చూపించండి. అయినా ఆవిడ మనసు కుదుటపడకపోతే నాన్నగారి లాడ్జికి ఇచ్చేయండి, వాళ్లు గౌరవంగా ఉంచుకుంటారు. ఆ పుస్తకాన్ని మాత్రం ఎలాగూ వాళ్లకే తిరిగి ఇవ్వడం మర్యాద. ఒకవేళ రేపు మీరు చేరినా ఆ ఏప్రాన్ మీరు కట్టుకోవడానికి వీల్లేదు. నీలం అంచు గానీ, పువ్వులు గానీ, బిళ్లలు గానీ లేని గొర్రెపిల్ల తోలు ఏప్రాన్ కడతారు మొదట, తెల్లగా, ఖాళీగా. మీ నాన్నగారూ దానితోనే మొదలుపెట్టారు.

ఇక రెండు నెలలకోసారి వచ్చే పెద్దాయన. దాదాపుగా చెప్పగలను, ఆయన లాడ్జి ఆల్మనర్ అయ్యుంటారు. పోయిన సభ్యుల భార్యలను, జబ్బుపడ్డవాళ్లను చూసుకోవడం ఆ పదవిలో ఉన్నవాడి పని. వెళ్లి వచ్చినట్టు ఎక్కడా చెప్పుకోరు, అందుకే ఆయనెవరో అమ్మగారికి తెలీలేదు. ఈసారి వచ్చినప్పుడు తొందరగా పంపేయకండి. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఆ పెట్టె తెచ్చి ముందు పెట్టి, "నాన్న మాస్టరుగా చేసింది ఏ సంవత్సరమండీ?" అని అడగండి. అమ్మగారిని కూడా పక్కన కూర్చోమనండి.